వాన రోడ్డు, పాత జీపు, పాల క్యాన్లు

సంఘ కార్యాలయంలో పాల సేకరణ రిజిస్టరు ఉన్నది. వెన్న శాతం రిజిస్టరు ఉన్నది. క్యాన్ల స్టాకు పుస్తకం ఉన్నది. ఆ పాలు మోసుకుపోయే బండి టైర్లను గురించి మాత్రం ఏ పుస్తకంలోను ఒక్క ముక్క వ్రాసి ఉండదు. వేసవిలో దీనివల్ల నష్టం పైకి కనిపించదు. తొలకరి పడిన మరునాటి నుండి కనిపిస్తుంది.

ఇప్పుడు చాలా రూట్లలో బల్క్ కూలర్లు, ట్యాంకర్లు వచ్చినవి. అయినా దారి సరిగా లేని ఊళ్ళ నుండి, కొండ పక్క గూడేల నుండి క్యాన్లను కూలరు దాకా చేర్చేది పలుచోట్ల పాత జీపులే. మహీంద్రా కంపెనీవారు 1940ల చివరలో విల్లీస్ జీపు విడిభాగాలు తెప్పించి మన దేశంలో బిగించడం మొదలుపెట్టినారు. తరువాత వచ్చిన ఎంఎం 540, కమాండర్ వంటి బండ్లు ఆ వంశంలోనివే. ఇనుప చట్రం, గట్టి కమాను పట్టీలు, ముందూ వెనుకా దిట్టమైన యాక్సిళ్ళు గల మొండి బండ్లు ఇవి. మోకాలి లోతు బురదలోనుంచి బయటపడే ఈ బండి, నున్నని తారురోడ్డు మీద నాలుగు చినుకులు పడితే ఎందుకు జారుతుందని సభ్యులు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ప్రశ్న సమంజసమైనదే. బురదకు పనికివచ్చే గుణాలే తడి తారు మీద లోపాలగుట దీనికి కారణం.

పట్టు ఎక్కడిది?

కడప బండలు పరచిన కొట్టంలో గేదె జారిపడటం మనకు తెలియని సంగతి కాదు. పొడిబండ మీద బాగానే నడుస్తుంది. బండ కడిగి, దానిమీద కాస్త పేడ కలిసిన నీరు నిలిస్తే గిట్ట జారుతుంది. గిట్ట గట్టిది, బండ నున్ననిది, మధ్య నీటి పొర. టైరు విషయమూ ఇంతే. రబ్బరు మెత్తగా ఉండి, రోడ్డు మీది గరుకులోకి ఒదిగి పట్టుకుంటేనే బండి ఆగుతుంది, తిరుగుతుంది. మధ్య నీరు చేరితే ఆ నీటిని పక్కలకు నెట్టివేయవలెను. టైరుమీది గాళ్ళు చేసే పని అదే.

పాత జీపులకు వేసే బురద టైరును ఒకసారి వంగి చూడండి. పెద్ద పెద్ద బటన్లు, వాటి మధ్య వెడల్పైన సందులు. బురదలో ఆ బటన్లు పారలాగా దిగబడి మట్టిని వెనుకకు తోస్తాయి. తారు మీద దిగబడటానికి ఏమీ లేదు. రోడ్డును తాకేది బటన్ల పైభాగం మాత్రమే గనుక తాకే రబ్బరు తక్కువ. పైగా ఒక్కొక్క బటను నున్నని దిమ్మ, నీటిని చీల్చే సన్నని కోతలు దానిమీద ఉండవు. కాబట్టి గాళ్ళు లోతుగా కనబడినంత మాత్రాన తడి రోడ్డు మీద పట్టు ఉన్నట్లు కాదు.

రబ్బరు వయస్సు మరొక సంగతి. పాల బండి రోజుకు ముప్పై నలభై కిలోమీటర్లే తిరుగుతుంది గనుక బటన్లు త్వరగా అరగవు. ఏళ్ళు గడిచేకొద్దీ ఎండకు రబ్బరు బిగుసుకుపోయి గేదె గిట్టలాగా తయారవుతుంది. యజమాని బటన్లు చూపించి కొత్త టైరే అంటాడు. టైరు పక్కగోడ మీద, డి.ఓ.టి. అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గోడ మీద సన్నని పగుళ్ళు కనబడి, గోరు నొక్కితే దిగనంత గట్టిపడిన టైరును బటన్లు ఎంత ఉన్నా వానాకాలానికి ఒప్పుకోరాదని మా అభిప్రాయం.

అరుగుదలకు చట్టం ఒక హద్దు పెట్టినది. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ఇటువంటి బండ్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అది చివరి హద్దు మాత్రమే. 3 మిల్లీమీటర్లకు దిగినప్పుడే మార్చుకొనుట మేలు. రెండు మంచి టైర్లే ఉన్నప్పుడు వాటిని వెనుక వేయించవలెను. ముందు వేస్తే స్టీరింగు బాగుంటుందని డ్రైవర్లు అంటారు గాని, ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గితే తిరిగి పట్టు వస్తుంది. వెనుక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది. పాతరకం జీపు ముందు వెనుక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే. అంబాసిడరు కారుకు 97 అంగుళాలు. పొట్టి బండి తిరగడం మొదలుపెడితే డ్రైవరు సరిచేసుకొనే వ్యవధి చిక్కదు. రేడియల్ టైర్లను, పాతరకం నైలాను టైర్లను ఒకే యాక్సిలు మీద కలిపి వేయనే రాదు.

గాలి సంగతి

బురద దారిలో పట్టు కోసం టైరులో గాలి కొంత తీసివేయడం డ్రైవర్లకు అలవాటే. బురదలో అది మంచి పనే. తారురోడ్డు ఎక్కిన తరువాత మళ్ళీ కొట్టించకపోవడం మాత్రం ప్రమాదకరం. గాలి తగ్గిన టైరు మలుపులో పక్కకు ఒరుగుతుంది, స్టీరింగు ఆలస్యంగా అందుకుంటుంది. వీటికి తోడు నీటిపై తేలే ప్రమాదం ఒకటున్నది. రోడ్డుమీద నిలిచిన నీటిని టైరు నెట్టలేనంత వేగంగా పోయినప్పుడు చక్రం నీటిమీదనే తేలిపోతుంది. అప్పుడు స్టీరింగుకూ రోడ్డుకూ సంబంధం ఉండదు.

దీనిని అమెరికాలోని నాసా ఇంజినీర్లు విమానాల చక్రాల మీద పరీక్షించి, 1963లో ఒక లెక్క ప్రకటించినారు. తేలే వేగం టైరులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన 30 పౌన్ల గాలి ఉన్న టైరు గంటకు సుమారు 91 కిలోమీటర్ల వద్ద తేలుతుంది. 20 పౌన్లు ఉంటే 74 కిలోమీటర్ల వద్దనే తేలుతుంది. గుండు టైర్లకు, నీటి లోతు గాడి లోతును మించిన చోట్లకు ఈ లెక్క వర్తిస్తుంది. మన జీపు 74 ఎక్కడ పోతుందని కొందరు నవ్వవచ్చు. ఖాళీ క్యాన్లతో హైవే దిగుడులో పోయే బండి ముల్లును మేము చూసినాము. నవ్వవలసిన పని లేదు.

నాలుగు చక్రాల గేరు

ఫోర్‌వీల్ గేరు వేసుకుంటే వానలో ధైర్యంగా పోవచ్చుననే నమ్మకం బలంగా ఉన్నది. ఇందులో సగమే నిజం. నాలుగు చక్రాలకు ఇంజను బలం అందితే బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి సాయపడుతుంది. ఆగడానికి సాయపడదు. బ్రేకులు ఎలాగూ నాలుగు చక్రాలకూ ఉన్నవి గదా. పైగా ఈ పాత బండ్లలో ముందు యాక్సిలుకూ వెనుక యాక్సిలుకూ మధ్య తేడాను సర్దే డిఫరెన్షియలు లేదు. మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటె ఎక్కువ దూరం తిరగాలి. ఫోర్‌వీల్‌లో ఉంటే రెంటినీ సమంగా తిప్పుతుంది. బురదలో చక్రం కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. గట్టి తారు మీద సర్దుకోలేదు గనుక స్టీరింగు బిగుస్తుంది, బండి మలుపు తిరగనని మొరాయిస్తుంది, గేర్లు నలుగుతాయి. కాబట్టి తారుమీద టూవీల్‌లోనే నడపవలెను. నాట్లప్పుడు ట్రాక్టర్లు దులిపిన బురద రోడ్డంతా పరచుకొని ఉన్నచోట మాత్రం ఫోర్‌వీల్ వేసి, నెమ్మదిగా దాటి, తిరిగి తీసివేయవచ్చును. ఈ ట్రాక్టరు బురద వంటి చెడ్డది మరొకటి లేదు. తొలి పావుగంట వానలో రోడ్డుమీది నూనె, దుమ్ము కలిసి చేసే జిగురు కూడా అటువంటిదే. జోరువాన కొంతసేపు కురిసి రోడ్డు కడిగిన తరువాత కాస్త నయం.

బరువు ఎక్కడ పెట్టవలెను?

40 లీటర్ల క్యాను నిండా పాలుంటే పాలే 41 కిలోలు, క్యానుతో కలిపి దాదాపు 50 కిలోలు. పది క్యాన్లంటే అర టన్ను. ఈ బరువు వెనుక యాక్సిలుకు కొంచెం ముందుగా, ఒకే వరుసగా, మోకు బిగించి ఉండవలెను. చివరి తలుపు దగ్గర పేర్చితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పనిచేయదు. ఒకదానిమీద ఒకటి పేర్చితే బండి మలుపులో ఒరుగుతుంది. సగం నిండిన క్యాన్లు మరీ చెడ్డవి. లోపలి పాలు అటూ ఇటూ ఊగి బండిని కుదుపుతాయి. నాలుగు క్యాన్లలో ముప్పై లీటర్ల చొప్పున పోసేకంటె మూడు నిండుగా పోసి ఒకటి ఖాళీగా పంపుట మేలు. దీనివల్ల సంఘానికి ఇంకొక లాభం కూడా ఉన్నది. వెలితి క్యానులో పాలు చిలికినట్లై వెన్న పలుకులు తేలుతాయి, శాంపిలులో వెన్న శాతం సరిగా రాదు. క్యాన్ల మీద మనుషులు కూర్చొనిపోవడాన్ని గురించి వ్రాయవలసిన అవసరం ఉండరాదు గాని, ఉన్నది.

ఎక్కువమంది గమనించని విషయం ఒకటి చెప్పవలెను. బండి జారే ప్రమాదం నిండు క్యాన్లతో పోయేటప్పుడే అనుకుంటారు. ఖాళీగా వచ్చేటప్పుడు వెనుక చక్రాల మీద బరువుండదు. ఇంజను తిప్పేది ఆ చక్రాలనే. బ్రేకు గట్టిగా తొక్కితే ముందుగా బిగుసుకొనేది కూడా ఆ చక్రాలే. అవి బిగిసిన క్షణంలో వెనుకభాగం పక్కకు వస్తుంది. అందుచేత ఖాళీ బండిని నిండు బండికంటె నెమ్మదిగా నడపవలసి ఉన్నది. జారినప్పుడు బ్రేకు మీద నుంచి కాలు తీసి, యాక్సిలరేటరు వదలి, వెనుకభాగం ఎటు జారుతున్నదో స్టీరింగు అటే తిప్పవలెను. చేయి సహజంగా రెండో వైపుకే పోతుంది, అందుకే ముందుగా తెలిసి ఉండాలి. ఈ బండ్లలో చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఏర్పాటు లేదు. నొక్కి వదలి, నొక్కి వదలి ఆపుకొనుటే మార్గం. దిగుడులో డీజిలు ఆదాకై న్యూట్రలు చేయడం మానవలెను. తడిరోడ్డు మీద ఒక్కసారిగా చిన్న గేరుకు దించి క్లచ్చి వదలినా వెనుక చక్రాలు బిగుస్తాయి, అదీ పనికిరాదు.

వాగు దాటిన తరువాత డ్రమ్ములలో నీరు చేరి బ్రేకులు పట్టవు. ఒకవైపు పట్టి రెండోవైపు పట్టకపోతే బండి పక్కకు లాగుతుంది. వాగు దాటగానే కొద్దిదూరం నెమ్మదిగా, బ్రేకు తేలికగా ఆనించి నడిపితే వేడికి లైనింగులు ఆరుతాయి. ఒకసారి నొక్కి చూసుకొని ముందుకు పోవలెను.

తొమ్మిది నిమిషాలు

పట్టు సగానికి తగ్గితే ఆగే దూరం రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. తడి తారు మీద బ్రేకు పట్టిన తరువాత 20 కిలోమీటర్ల వేగంలో సుమారు 4 మీటర్లు, 40లో 16 మీటర్లు, 60లో 35 మీటర్లు పోతుంది. మనిషి చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చే ఒక సెకనులో 40 వేగాన 11 మీటర్లు, 60 వేగాన 17 మీటర్లు అదనం. అంటే 60లో పోయే బండికి మొత్తం 52 మీటర్లు కావలెను. ఇదంతా మంచి టైర్లకు వేసిన లెక్క. ఊరి మలుపులో రోడ్డుకు అడ్డంగా గేదెలు వస్తే యాభై రెండు మీటర్లు ఎవరు ఇస్తారు?

డ్రైవరు ఎందుకు అంత వేగంగా పోతున్నాడో కూడా ఆలోచించవలెను. కొన్ని సంఘాలు పాలు ఆలస్యంగా చేరితే రవాణా బిల్లులో కోత వేస్తున్నవి. కోత మంచిదే, వేసవిలో పాలు పులియకుండా కాపాడేది అదే. అదే కోత జోరువాన రోజున కూడా వేస్తే డ్రైవరు ఆ పదో ఇరవయ్యో నిమిషాలు రోడ్డు మీద రాబట్టుకుంటాడు. 18 కిలోమీటర్ల రూటును 40 వేగంలో పోతే 27 నిమిషాలు, 60 వేగంలో పోతే 18 నిమిషాలు. తేడా తొమ్మిది నిమిషాలు. పాలు తొమ్మిది నిమిషాలలో విరిగిపోవు. అంతగా భయముంటే సేకరణ పది నిమిషాలు ముందుగా మొదలుపెట్టవచ్చును, క్యాన్ల మీద తడి గోనెలు కప్పవచ్చును, కేంద్రం దగ్గర క్యాన్లు కడిగి సిద్ధంగా పెట్టుకోవచ్చును. ఒక బండి బోల్తా పడితే పది క్యాన్ల పాలు, 400 లీటర్లు, అరవై ఇళ్ళ పూటకష్టం కాలువలో పోతుంది. బండిలో ఉన్న మనిషి సంగతి డబ్బులో చెప్పేది కాదు.

కాబట్టి పాలకవర్గం వారు రవాణా ఒప్పందం తిరగవ్రాసేటప్పుడు ఈ మూడు మాటలు చేర్చుకొనవలసినదిగా మా సలహా. వానాకాలం పొడుగునా టైరు గాడి 3 మిల్లీమీటర్లకు తగ్గరాదనీ, స్టెప్నీకి కూడా ఇదే వర్తించుననీ. వాన పడిన రోజున కార్యదర్శి రిజిస్టరులో వాన అని వ్రాసి సంతకం చేస్తే ఆలస్యపు కోత ఉండదనీ. ప్రతి నెలా మొదటి తారీఖున బండిని సంఘం ముందు నిలిపి, చల్లగా ఉన్న టైర్లలో గాలి గేజితో చూసి, గాడి కొలిచి, బ్రేకు నొక్కి చూసి వ్రాసిపెట్టవలెననీ. గాడి కొలవడానికి పంచరు షాపులో దొరికే చిన్న గేజి చాలును. అది దొరకనిచోట అగ్గిపుల్లను గాడిలో నిలిపి, గోటితో గుర్తు పెట్టి, స్కేలు మీద చూసుకొనవచ్చును. టైరు ఒకవైపే అరిగి ఉంటే ఆ వైపునే కొలవవలెను, మధ్యలో కాదు.