కంప్యూటరునకుఁ గానరాని హార్డుడిస్కు

తెనుఁగువాడుకలో లోపమనఁగా దోషము. వ్యాకరణమున నట్లు గాదు. పాణిని లోపమును అదర్శనమని నిర్వచించెను. కానఁబడకుండుటయే లోపము, నాశము గాదు. అగ్నిచిత్ అను శబ్దమున క్విప్ప్రత్యయము సర్వమును లోపించినను, దాని నిమిత్తమునఁ గలిగిన తకారము నిలిచియే యుండును. ఈ భేదమును శిష్యులకు ననేకమాఱులు బోధించిన పండితుఁడే, తన హార్డుడిస్కును కంప్యూటరునకుఁ దగిలించినప్పుడు తెరమీఁద దాని పేరు కానరాకున్నంతనే సర్వమును బోయినదని నిరాశపడుచున్నాఁడు. పోయినదేది, కానరానిదేది యని విచారింపవలసియున్నది.

ఈ విచారము స్వల్పవిషయము గాదు. తాళపత్రముల ఛాయాచిత్రములు, పాతపత్రికల ప్రతులు, పాఠాంతరముల పట్టికలు నేఁడు పెక్కుమందికి జేబునఁ బట్టెడు చిన్నపెట్టెయందే యున్నవి. మూలమైన తాటాకు ఇంటివారికిఁ దిరిగిపోయియుండును. లేదా రెండవమాఱు విప్పినచో ముక్కలగు స్థితిలో నుండును. హైదరాబాదున బేగంపేటకును పంజాగుట్టకును నానుకొనియున్న అమీరుపేట 1990ల నుండి కంప్యూటరు విద్యకుఁ బ్రసిద్ధి కెక్కినది; మైత్రీవనము చుట్టును శిక్షణాలయముల పలకలు గోడలను గప్పివేసియుండును. ఆ ప్రాంతమునఁ గంప్యూటరులు బాగుచేయు దుకాణములును గలవు. డిస్కు చేతఁ బట్టుకొని యచ్చటికిఁ బరుగెత్తుటకు ముందు ఇంటనే చూడఁదగినది చాలఁ గలదు.

1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన తొలి డిస్కుయంత్రమున 24 అంగుళముల పలకలు 50 ఉండెను. వాని యన్నిటియందును గలిసి యిమిడినది యిప్పటి లెక్కకు సుమారు 3.75 మెగాబైట్లు. నేఁటి పెట్టెలోఁ జిన్నపలకలు, వానిపై నంటీయంటని యెత్తున సంచరించు హెడ్డు, ఎలక్ట్రానిక్ బోర్డు, బోర్డును యూఎస్‌బీ తీఁగతోఁ గలుపు సంధాయకము ఉండును. కంప్యూటరు పలకను జూడదు. ఇవి వరుసగాఁ దెలిపినదానినే చూచును. ఈ వరుసలో నొక్కటి మూఁగవోయినను, పలకమీఁది వ్రాత చెక్కుచెదరకయే కానరాకపోవును.

కావునఁ బరీక్ష వెలుపలినుండి లోనికి సాగవలయును. తఱచుగాఁ దప్పు తీఁగదే. మొదట తీఁగను మార్చి చూడవలెను, పిమ్మట పోర్టును, నడుమ హబ్బున్నచో దానిని దీసివేయవలెను. 1897లో ఈ బేగంపేటయందే రొనాల్డ్ రాస్ దోమల నొక్కొక్కటిగాఁ గోసి చూచి మలేరియా మార్గమును గనుఁగొనెను. ఇచ్చటను ఒకమాఱు ఒక్కదానినే మార్చినఁ గాని కారణము తేలదు. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపియర్ల విద్యుత్తును, 3.0 పోర్టు 900 మిల్లీయాంపియర్లను ఇయ్యవలెనని నియమము. పలక తిరుగ నారంభించు క్షణమున నది చాలకున్నచో దీపము వెలుఁగును గాని పలక తిరుగదు. పెద్దడిస్కులకు వేఱుగా అడాప్టరుండును. దానిని గోడకుఁ దగిలింపకయే డిస్కు చెడినదనువారును గలరు.

ఇవి యన్నియు సరిగా నున్నను గానరానిచో, విండోసున "డిస్క్ మేనేజ్‌మెంట్" తెఱచి చూడవలెను. అందు డిస్కు తన పూర్ణపరిమాణముతోఁ గానవచ్చి, దానికి అక్షరము మాత్రము లేకున్నచో సంతోషింపవచ్చును. సంజ్ఞి యున్నది, సంజ్ఞ లేదు, అంతియే. ఖాళీగా నున్న యక్షర మొకటి యిచ్చినఁ జాలును. ఆపిల్ కంప్యూటరునకై సిద్ధపఱచిన డిస్కును విండోసు స్వయముగాఁ జదువఁజాలదు. గ్రంథలిపి యెఱుఁగనివాఁడు తాటాకుఁ జూచి యివి వట్టి గీఁతలనుట వంటిది.

అపాయ మిచ్చటనే యున్నది. తాను జదువలేని డిస్కునుగూర్చి కంప్యూటరు "ఇనీషియలైజ్" చేయుదునా, "ఫార్మాట్" చేయుదునా యని కడువినయముగా నడుగును. ఔననరాదు. మొదటిది విభాగముల పట్టికను గ్రొత్తగా వ్రాయును. రెండవది విషయసూచికను మార్చివేయును. విండోసు విస్టా మొదలుకొని పూర్ణఫార్మాట్ పలక యంతటను సున్నలు వ్రాయును; అప్పుడది యదర్శనము గాదు, నాశమే. "చెక్‌డిస్క్" సైతము తొందరపడి ప్రయోగింపఁదగినది గాదు. అది సూచికను సరిపఱచుటకై పొసఁగనిదానిని ద్రోసివేయును; ఛందస్సు కుదుర్చుటకుఁ గవి పాదమునే మార్చిన లేఖకులను ఎఱిఁగినవారికి దీని స్వభావము వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. మొదట డిస్కునంతటిని మఱియొక డిస్కునకు యథాతథముగాఁ బ్రతి తీయించి, ఆ ప్రతిమీఁదనే టెస్ట్‌డిస్క్ వంటి ఉచితసాధనములతోఁ బరిష్కారము చేయవలెను.

డిస్కునుండి టక్కుటక్కుమను చప్పుడు వినవచ్చినచో నీ ప్రయత్నములన్నియు మానవలెను. అది హెడ్డు తన స్థానమును గనలేక తడఁబడు ధ్వని. తిప్పినకొలఁది పలక గీఁచుకొనిపోవచ్చును. శీతలపేటికలోఁ బెట్టిన బాగుపడునను మాట నమ్మరాదు, లోపల తేమ చేరును. బల్లమీఁద మూఁత విప్పుటయు నంతకంటె మేలు గాదు. హెడ్డునకును పలకకును నడిమి యెడముకంటె ధూళికణమే పెద్దది. ధూళిరహితమైన గదిగల దత్తాంశోద్ధారకులే దానిని విప్పఁదగినవారు. సంధాయకము మాత్రమే చెడినదని తోఁచినను పాతపెట్టెను బాఱవేయరాదు. కొన్ని డిస్కులయందు వ్రాతను గూఢలిపిగా మార్చి తిరిగి విప్పునది యా సంధాయకమే.

దుకాణమునకుఁ బోవలసివచ్చినచో ముందుగాఁ జెప్పవలసిన మాట యొకటి గలదు. అచ్చట "బాగుచేయుట" యనఁగాఁ దఱచు డిస్కు మఱల పనిచేయునట్లు చేయుట. దానికి ఫార్మాటే సులభోపాయము. కావలసినది డిస్కు గాదు, అందలి వ్రాత యని నోటఁ జెప్పుటయే గాక, "ఫార్మాట్ చేయరాదు" అని కాగితమున వ్రాసి పెట్టెమీఁద నంటించి యియ్యవలెను.