లావుగా ఉన్న అమ్మాయి మోడల్ కావచ్చా?

మన వైపు ఒక ఆడపిల్ల లావుగా ఉంటే ఆ సంగతి ఆమెకు చెప్పనివారు ఉండరు. పెళ్ళిలో కనిపించిన పిన్నిగారు "ఏమ్మా, బాగా ఒళ్ళు చేశావే" అంటారు. బస్సులో పక్క సీటులో కూర్చున్నావిడ అడక్కుండానే పథ్యం చెబుతుంది. టైలరు టేపు పట్టుకుని నలుగురిలో కొలత పైకి చదువుతాడు. అదే పిల్ల నాలుగు కిలోలు తగ్గితే "అలా పీక్కుపోయావేమిటి, అన్నం తినడం లేదా" అని అడిగేదీ వీరే. ఈ మాటలు విని విని కొందరు ఫోటో దిగడం మానేస్తారు. కొందరు ఆసుపత్రికి రావడమే మానేస్తారు. మాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే.

అయితే ఈమధ్య కొందరు అమ్మాయిలు మమ్మల్ని అడుగుతున్న ప్రశ్న కొత్తది. "సిస్టర్, బట్టల షాపు వాళ్ళు పెద్ద సైజు కుర్తీలకు మోడలుగా రమ్మంటున్నారు. వెళ్ళవచ్చా? బరువు తగ్గితే ఆ పని పోతుంది. తగ్గకపోతే ఒంట్లో ఏదైనా జబ్బు వస్తుందేమోనని భయం." ఇంటికి నెలకు నాలుగు రూపాయలు వచ్చే మార్గం ఎదురుగా కనబడుతున్నప్పుడు ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. అందుకే ఈ సంచికలో దాని గురించి వివరంగా రాస్తున్నాము.

ప్లస్ సైజ్ అంటే

మామూలు రెడీమేడ్ కొలతలకంటే పెద్ద కొలతల బట్టలను ప్లస్ సైజ్ అంటారు. ఆ బట్టలు వేసుకుని చూపించేవారు ప్లస్ సైజ్ మోడల్స్. ఇది నిన్న మొన్న పుట్టిన వ్యాపారం కాదు. లిథువేనియా నుంచి అమెరికా వలస వెళ్ళిన లీనా బ్రయంట్ అనే కుట్టుపని చేసే వితంతువు 1904లో న్యూయార్క్‌లో దుకాణం తెరిచి, మొదట గర్భిణులకు, తరువాత లావుగా ఉన్నవారికి బట్టలు కుట్టించి అమ్మారు. బ్యాంకు కాగితాల మీద ఆమె పేరు తప్పు పడి "లేన్ బ్రయంట్" అయింది, ఆ తప్పు పేరే దుకాణానికి స్థిరపడింది. 2016 ఫిబ్రవరిలో యాష్లీ గ్రాహమ్ అనే 16వ సైజు మోడల్ ఒక పెద్ద అమెరికన్ క్రీడా పత్రిక ప్రత్యేక సంచిక ముఖచిత్రం మీద కనబడ్డారు. అదే సంవత్సరం ఆగస్టులో ముంబయిలో జరిగిన లాక్మే ఫ్యాషన్ వీక్‌లో ప్లస్ సైజ్ మోడల్స్‌తో ఒక ప్రదర్శన పెట్టారు. దాని కోసం దరఖాస్తు చేసినవారిలో చాలామంది అంతకు ముందు ఎన్నడూ మోడలింగ్ చేయని మామూలు ఉద్యోగులు, గృహిణులు.

మన దగ్గర ఈ అవసరం ఆలస్యంగా రావడానికి కారణం చీర. అయిదున్నర మీటర్ల గుడ్డ సన్నవారికీ సరిపోతుంది, లావువారికీ సరిపోతుంది. సైజు గొడవంతా జాకెట్టు దగ్గరే ఉండేది. కుర్తీలు, లెగ్గింగులు, రెడీమేడ్ జాకెట్లు ఇంటింటికీ వచ్చాక పరిస్థితి మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు. దేశం మొత్తం మీద అది 24. అంటే బీసెంట్ రోడ్డులో కుర్తీ కొనడానికి వచ్చే ప్రతి ముగ్గురిలో ఒకరు పెద్ద సైజు అడుగుతారన్నమాట. సన్నటి బొమ్మకు తొడిగిన బట్ట తన ఒంటి మీద ఎలా ఉంటుందో ఆమెకు ఎలా తెలుస్తుంది? షాపువాళ్ళకు ఇప్పుడు బొద్దుగా ఉన్న మోడల్ కావలసింది ఇందుకే. వస్త్రలతలో టోకు కొట్లు, మంగళగిరి చేనేత, పెడన కలంకారీ, చిలకలపూడి రోల్డు గోల్డు నగలు, అన్నీ ఇప్పుడు ఫోనులో వీడియో చూపించి అమ్ముతున్నారు. పెద్ద చేతికి గాజు ఎలా పడుతుందో చూపించడానికీ మనిషి కావాలి.

తెరమీద మనకు తెలిసినవారు

ఒళ్ళు ఉన్న స్త్రీని తెర మీద ఆదరించడం తెలుగువారికి కొత్త కాదు. కృష్ణ అవతలి ఒడ్డున చిర్రావూరులో పుట్టి, విజయవాడలో నాట్యం నేర్చి నాటకాలాడిన సావిత్రిగారు బొద్దుగానే ఉండేవారు. 1957లో మాయాబజార్‌లో ఆమె ఘటోత్కచుడి నడకను అభినయించిన తీరు చూసినవారెవరూ ఆమె నడుము కొలత గురించి ఆలోచించి ఉండరు. సూర్యకాంతంగారైతే ఇద్దరు పెద్ద హీరోలున్న సినిమాకు తన పాత్ర పేరే పెట్టించుకున్నంత ఘనులు, 1962 నాటి గుండమ్మ కథ గురించి చెబుతున్నాము.

తరువాత రోజుల్లో లావును నవ్వు కోసమే వాడుకోవడం ఎక్కువైంది. 2006లో వచ్చిన కితకితలులో గీతాసింగ్ కథానాయిక అయ్యారు, కానీ కథ నడిచింది భార్య లావుగా ఉందని సిగ్గుపడే భర్త చుట్టూ. 2015లో సైజ్ జీరో కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగారు. బరువు తగ్గిస్తామని ఆశపెట్టే క్లినిక్కుల మోసం ఆ సినిమా కథలో ముఖ్యమైన అంశం. సినిమా ఎలా ఆడిందన్నది మా విషయం కాదు. ఒక పాత్ర కోసం ఒళ్ళు పెంచి మళ్ళీ తగ్గించడం మాత్రం వెనుక డాక్టర్లు, శిక్షకులు ఉన్నవారికే కష్టం. మనం అనుకరించవద్దు.

అదే సంవత్సరం జూన్ 6న ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో చనిపోయారు. ఆమె వయసు 31. 2001లో నువ్వు నాకు నచ్చావ్ చూసి మన ఇళ్ళలో ఆమెను ఇష్టపడనివారు లేరు. ఆమెకు అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీసే శస్త్రచికిత్స జరిగిందని పత్రికలు రాశాయి. బరువు పెరిగిందన్న మాట ఆ అమ్మాయి గురించి ఎన్ని పత్రికలు ఎన్నిసార్లు రాశాయో కూడా మాకు గుర్తుంది. పాఠకులు ఒక్క సంగతి తెలుసుకోవాలి. కొవ్వు పీల్చే ఆపరేషన్ స్థూలకాయానికి వైద్యం కాదు. ఒకచోట పేరుకున్న కొవ్వును తీసి ఆకారం సరిచేసే పని మాత్రమే అది. దానివల్ల షుగరు, బి.పి. తగ్గవు. మత్తు మందు ప్రమాదం, రక్తనాళాల్లో కొవ్వు అడ్డుపడే ప్రమాదం దానికీ ఉన్నాయి.

ఇంకొకరి గురించి చెప్పాలి. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిచిన నీనా దావులూరి కుటుంబం మన విజయవాడదే. పసితనంలో రెండేళ్ళకు పైగా ఇక్కడే పెరిగారు. ఇక్కడ మాంటిస్సోరి విద్యాసంస్థలు స్థాపించి, 2017లో పద్మశ్రీ అందుకున్న కోటేశ్వరమ్మగారు ఆమెకు అమ్మమ్మ. కిరీటం ఫోటోలు అందరూ చూశారు. కానీ అంతకు ముందు తాను అధిక బరువుతోను, బులీమియా అనే జబ్బుతోను పోరాడానని ఆమె బయటికి చెప్పిన సంగతి మన ఊళ్ళో చాలామందికి తెలియదు.

బులీమియా అంటే ఆగకుండా తినడం, తరువాత భయంతో, సిగ్గుతో వేలు పెట్టుకుని వాంతి చేసుకోవడం లేదా విరేచనాల మందు మింగడం. మనిషి సన్నగా ఉండకపోవచ్చు. మామూలు బరువులో, కాస్త లావుగా కూడా ఉండవచ్చు. అందుకే ఇంట్లోవారు కనిపెట్టలేరు. తిన్న వెంటనే బాత్‌రూములోకి వెళ్ళి గడియ పెట్టుకోవడం, కుడిచేతి వేళ్ళ గణుపుల మీద కాయలు, చెవుల కింద దవడలు ఉబ్బడం, పంటి పైపొర అరిగి పళ్ళు జివ్వుమనడం, ఇవి మేము చూసే గుర్తులు. వాంతుల వల్ల రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఇది మొండితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు. ఇక్కడికి రావడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్‌కు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

పనికి వెళ్ళేముందు

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. వెళ్ళవచ్చా? వెళ్ళవచ్చు. గౌరవంగా చేసే ఏ పనికైనా ఉన్నట్టే దీనికీ పద్ధతులున్నాయి.

ముందుగా మీ కొలతలు నిజాయితీగా తెలుసుకోండి. ఎత్తు, ఛాతీ, నడుము, తుంటి ఈ నాలుగూ ఇంచీల్లో రాసి పెట్టుకోండి. తక్కువ చేసి చెబితే షూటింగు రోజు బట్ట పట్టక అవమానం మీకే. నిజానికి ఈ రంగంలో నిలకడగా డబ్బు వచ్చేది పోస్టరు మీద బొమ్మ వేయించుకునేవారికంటే, కుట్టు యూనిట్లలో కొత్త డిజైను ఒంటి మీద వేసి చూసుకోవడానికి పిలిచేవారికి. వారి కొలత ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఫోటోలకు పెద్ద స్టూడియో అక్కరలేదు. ఉదయపు వెలుతురులో, సాదా గోడ ముందు, ముందు నుంచి, పక్క నుంచి నిలువెత్తు ఫోటోలు చాలు. ముఖం తెల్లగా చేసే, నడుము సన్నగా చేసే ఫోను మాయలు వద్దు.

మిమ్మల్నే ముందు డబ్బు కట్టమనేవారు పని ఇచ్చేవారు కాదు. రిజిస్ట్రేషన్ అంటారు, ఆల్బమ్ అంటారు, హైదరాబాద్ ఆడిషన్ అంటారు. ఒక అమ్మాయి తన చెవిదుద్దులు తాకట్టు పెట్టి అలా కట్టి, ఆ ఫోను నంబరు మళ్ళీ మోగక, నిద్ర పట్టడం లేదని మా దగ్గరకు వచ్చింది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, ఆలస్యమైన కొద్దీ దొరకడం కష్టం. మొదటిసారి వెళ్ళేటప్పుడు అమ్మనో, అక్కనో, వదిననో వెంట తీసుకువెళ్ళండి. "ఒళ్ళు కనిపించే ఫోటోలు పంపు, సైజు చూడాలి" అంటే పంపవద్దు, సైజు టేపు చెబుతుంది. మీ ఫోటో ఎక్కడ, ఎన్నాళ్ళు వాడతారు, ఎంత ఇస్తారు అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి. చేతిలో డబ్బు పెట్టి పంపేస్తే, అయిదేళ్ళ తరువాత మీ బొమ్మ ఏదో బరువు తగ్గించే పొడి ప్రకటనలో "ముందు" అని కనబడినా అడిగే హక్కు నిరూపించుకోలేరు.

పని రోజు విషయానికి వస్తే, నర్సులుగా మేము చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎత్తు మడమల చెప్పులు ఫోటో తీసే నిమిషం వరకే వేసుకోండి, మిగతా సేపు మామూలు చెప్పులు. మోకాళ్ళ మీద పడే బరువు తక్కువేమీ కాదు. మన ఎండాకాలంలో లైట్ల కింద పట్టు లంగా కట్టుకుని మూడు గంటలు నిలబడితే ఎంత నీరు పోతుందో లెక్క లేదు, ఉప్పు వేసిన మజ్జిగ సీసా వెంట ఉంచుకోండి. బి.పి. ఉన్నవారు ఉప్పు సంగతి డాక్టరును అడగండి. రొమ్ముల కింద, పొట్ట మడతల్లో, తొడల మధ్య చెమట నిలిచి ఎర్రగా ఒరిసిపోవడం, తామర రావడం చాలామందికి ఉంది, చెప్పుకోరు. స్నానం తరువాత ఆ చోట్లు మెత్తటి నూలు గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన తెల్ల క్రీములు రాయవద్దు, రెండు రోజులు తగ్గినట్టుండి రెట్టింపు పాకుతుంది.

ధైర్యం వేరు, షుగరు వేరు

అద్దంలో చూసుకుని నచ్చడం మంచిదే. అందువల్ల షుగరు రాదని మాత్రం కాదు. మన భారతీయులకు బి.ఎమ్.ఐ. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని మన వైద్య నిపుణులు నిర్ణయించారు. అయిదడుగుల రెండంగుళాల ఎత్తు, 70 కిలోల బరువు ఉంటే అది 28 వస్తుంది. దానికంటే ముఖ్యమైనది నడుము చుట్టుకొలత. ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. తుంటి, తొడల దగ్గరి కొవ్వు కంటే పొట్ట లోపలి కొవ్వే షుగరుకు, గుండె జబ్బుకు దగ్గర చుట్టం. ఇద్దరు మోడల్స్ ఒకే సైజు కుర్తీ వేసుకున్నా, ఒకరి రక్తం బాగుండవచ్చు, ఇంకొకరిది బాగుండకపోవచ్చు. పైకి చూసి మేము కూడా చెప్పలేము. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

బరువుకు తిండి ఒక్కటే కారణం కాదు. నెలసరి రెండు మూడు నెలలకొకసారి రావడం, గడ్డం మీద వెంట్రుకలు ఉంటే అండాశయాల్లో నీటి తిత్తుల సమస్యను, అలసట, గొంతు మార్పు ఉంటే థైరాయిడ్‌ను చూడాలి. ఆయాసానికో కీళ్ళ నొప్పులకో ఊళ్ళో ఇచ్చే పేరు తెలియని మాత్రల్లో స్టెరాయిడ్ ఉండి ముఖం గుండ్రంగా ఉబ్బినవారినీ చూస్తుంటాము. గట్టిగా గురక, పగలంతా కునుకుపాట్లు ఉంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూడాలి.

తగ్గితే పని పోతుందన్న భయం గురించి: 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా బి.పి., షుగరు మెరుగుపడతాయి, బట్టల సైజు అంతగా మారదు. పని కోసం కావాలని బరువు పెంచమనేవారు దొరికితే ఆ పని వదిలేయండి. 2025లో మన దేశంలోకి వచ్చిన మౌంజారో, వెగోవీ వంటి వారానికొక ఇంజెక్షన్లు డాక్టరు రాసి, గమనిస్తూ ఇవ్వవలసిన మందులు. స్నేహితురాలి దగ్గర మిగిలిన పెన్ను తెచ్చుకుని పొడుచుకునేవి కావు.

ఒక చిన్న విషయం, కానీ చాలామందికి తెలియదు. దండ లావుగా ఉన్నవారికి మామూలు పట్టీతో బి.పి. చూస్తే లేని బి.పి. ఉన్నట్టు చూపిస్తుంది. దండ చుట్టుకొలత 34 సెంటీమీటర్లు దాటితే పెద్ద పట్టీ వాడాలి. ఎక్కడ చూపించుకున్నా "పెద్ద పట్టీ ఉందా సిస్టర్?" అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మా ఓపీలో అది ఉంది. బరువు చూసే మిషను తెర చాటున పెట్టాము, అంకె పైకి చదవము, కాగితం మీద రాసి మీ చేతికే ఇస్తాము. పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలకు రావాలనుకునేవారు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకల్లా భోజనం ముగించి, ఆ తరువాత మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా ఉదయాన్నే రండి. ఇప్పటికే వాడుతున్న మందుల చీటీలు, మాత్రల అట్టలు సంచిలో వేసుకుని తీసుకురండి.