ప్రోగ్రాములలో దోషాన్వేషణము: అపోహలు – వాస్తవాలు

2024 జులై 19వ తేదీన శంషాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులు కలముతో వ్రాసి యిచ్చిన వైనమును, హైదరాబాదునుండి కలకత్తాకు పోవు ప్రయాణికుని చేతివ్రాత పాసు ఛాయాచిత్రము దేశమంతట ప్రచారమైన సంగతియును పలువురకు జ్ఞాపకముండును. శత్రువులెవరో కంప్యూటర్లపై దాడి చేసిరని యానాడు పుట్టిన వదంతి నేటికిని కొందరి నోట వినవచ్చుచునే యున్నది. అది దాడి కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ మన కాలమానము ప్రకారము ఉదయము 9:39కి పంపిన యొక ఫైలు, 21వ అంశమును చదువుమని కోరగా, ప్రోగ్రాము సిద్ధపరచినవి 20 మాత్రమే యగుటచే, లేని చోటును చదువబోయి ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కుప్పకూలెను. పరీక్షాకాలమున ఆ యంశమునకు ‘ఏదైనను సరే’ యను గుర్తు నుంచిరి గనుక దోషము కంటబడలేదు. పెద్ద ఉపద్రవమునకు పెద్ద కారణమే యుండితీరవలెనను భ్రమ యిచ్చటనే తొలగిపోవలెను.

వెబ్ ప్రోగ్రాములు వ్రాయువారి యపోహలలో తలమానికము వేరొకటి కలదు: “నా సిస్టములో బాగుగనే పనిచేయుచున్నది గదా!” శంషాబాదునుండి జులై 20వ తేదీ తెల్లవారుజామున 2 గంటలకు దోహా మీదుగా డల్లాసుకు బయలుదేరు తల్లి ప్రయాణమును, అచ్చటి కుమారుడు వెబ్‌పేజీలో చూచుచున్నాడనుకొందము. పీహెచ్‌పీలో కాలమండలమును ఎవరును నిర్దేశింపనిచో అది యూటీసీనే (ప్రపంచ ప్రామాణిక కాలమునే) గైకొనును గనుక, ఆ విమానము 19వ తేదీ రాత్రి 8:30కే బయలుదేరునట్లు చూపును. జావాస్క్రిప్టు వింత మరింత సూక్ష్మము. సంవత్సరము, నెల, దినము మాత్రమే వ్రాసినచో దానిని యూటీసీ అర్ధరాత్రిగను, గంటలును నిమిషములును చేర్చి మండలము చెప్పకున్నచో స్థానిక కాలముగను గ్రహించును. ఆ మొదటి రీతిని వ్రాసిన 20వ తేదీ హైదరాబాదులో 20గానే కనబడును. డల్లాసులో 19వ తేదీ సాయంకాలము 7 గంటలై కూర్చుండును. గచ్చిబౌలిలో కూర్చున్న ప్రోగ్రామరు ఏండ్లకొలది చూచినను ఈ బగ్ అతని కంటబడదు. క్రోమ్ డెవలపర్ టూల్సులోని సెన్సార్సు పలకలో ప్రదేశమును మార్చి చూచినచో క్షణములో బయటపడును.

విలువలను తెరపై ముద్రించి చూచుట అపరిపక్వుల పద్ధతి యనియు, ఎక్స్‌డీబగ్ అను దోషాన్వేషణ పరికరమును పెట్టి బ్రేక్‌పాయింటుల వెంట నడచుటయే విద్వత్తనియు ననువారు కలరు. నాకిది వట్టి డాంబికముగ దోచును. పీహెచ్‌పీలో ‘ఎకో’ అసత్యమను విలువను శూన్యముగ ముద్రించి మోసగించును. ‘వార్‌డంప్’ దాని జాతినిగూడ చెప్పును. ఐతే ముద్రణమునందును ఒక మాయ కలదు: జావాస్క్రిప్టులో కన్సోల్‌లాగ్ చేసిన ఆబ్జెక్టును పిదప విప్పి చూచినపుడు క్రోము చూపునది లాగ్ చేసిన క్షణపు స్థితి కాదు, విప్పిన క్షణపు స్థితి. అట్టిచోట బ్రేక్‌పాయింటే శరణ్యము.

దోషములన్నియు తెరపై కనబడుట మేలను నమ్మిక నిజమైన సర్వరునందు ప్రమాదకరము. ఫైళ్ల దారులు పరులకు దెలియును. పీహెచ్‌పీ అమరికలలో డిస్‌ప్లే ఎర్రర్సును ఆపి, లాగ్ ఎర్రర్సును తెరచి యుంచుడు. ఆ లాగునందలి ప్రతి పంక్తి ముందును వ్రాయబడియుండు కాలము ఏ మండలమునకు చెందినదో తొలుత చూచుకొనుడు.