రెండే ఎత్తుల్లో ఆటకట్టు

చదరంగంలో ఆటకట్టు సమస్యకు నియమం ఒక్కటే. బల్ల మీద కొన్ని పావులు పేర్చి ఉంటాయి. తెల్లపక్షం ముందు కదిలి, చెప్పినన్ని ఎత్తుల్లోగా నల్లరాజుకు ఆట కట్టించాలి. నల్లపక్షం ఎంత తెలివిగా ఎదురాడినా ఆ లెక్క దాటకూడదు. అందుకే ఒక మంచి ఎత్తు కనిపించినంత మాత్రాన సమస్య విడిపోయినట్టు కాదు. అవతలి పక్షానికి ఎన్ని జవాబులున్నాయో అన్నింటికీ బదులు సిద్ధంగా ఉండాలి.

ఈ సమస్యల్లో కొన్ని నిజంగా జరిగిన ఆటల్లోంచి వచ్చినవి. వీటిలో దారి మామూలుగా వరస చెక్‌లతో, బలులతో సాగుతుంది. 1497లో స్పెయిన్‌లో అచ్చయిన, లూసెనా రాసిన చదరంగ పుస్తకంలోనే ఇలాంటిదొకటి ఉంది. నల్లరాజు హెచ్8 మూలలో నక్కి ఉంటాడు. ముందున్న జి7, హెచ్7 గడుల్లో అతని బంట్లే ఉంటాయి. తెల్లమంత్రి ఏకంగా పక్కనున్న జి8లోకి వచ్చి కూర్చుంటుంది. దానికి హెచ్6లోని గుర్రం కాపు ఉంది కాబట్టి రాజు చంపలేడు, అదే వరసలోని ఏనుగే చంపాలి. అలా చంపిన ఏనుగు జి8లో నిలవగానే రాజుకు మిగిలిన ఆఖరి గడి కూడా మూసుకుపోతుంది. గుర్రం ఎఫ్7లోకి దూకి చెక్ చెబుతుంది. సొంత సైన్యమే చుట్టుముట్టడంతో రాజు కదల్లేడు, ఆట ముగుస్తుంది. రెండు శకటుల (బిషప్‌ల) దారులు ఒకదాన్నొకటి కోసుకునే బోడెన్ కట్టు, ఏనుగూ గుర్రమూ కలిసి రాజును బల్ల అంచున పట్టేసే అనస్తాసియా కట్టు కూడా ఇలా పేరు పడ్డ నమూనాలే. ఈ రకం సమస్యలు విప్పేవారికి నమూనాల జ్ఞాపకమే పెద్ద బలం.

కూర్పరులు కావాలని అల్లిన సమస్యల తీరు వేరు. వీటిలో సరైన మొదటి ఎత్తు ఒక్కటే ఉండాలి. రెండు రకాలుగా విడిపోయే సమస్యను దోషమున్నదిగా పక్కన పెడతారు. ఆ మొదటి ఎత్తు చెక్ కావడం, పావును చంపడం కూడా చాలావరకు మొరటుతనంగానే లెక్క. కాబట్టి ఆటలో గెలవడానికి అలవాటుపడ్డ కన్ను ఇక్కడ తరచు తప్పుదారి పడుతుంది. చెక్‌లు వెతుక్కుంటూ పోయే కొద్దీ జవాబు దూరమవుతుంది.

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌కు చెందిన పాల్ మర్ఫీ (1837–1884) పేరు మీద ప్రసిద్ధమైన రెండెత్తుల సమస్య దీనికి అందమైన ఉదాహరణ. తెల్లరాజు సి8లో, ఏనుగు ఎ1లో, బంటు బి6లో ఉన్నాయి. నల్లరాజు ఎ8 మూలలో ఉంటే, శకటు బి8లో, రెండు బంట్లు ఎ7, బి7 గడుల్లో ఉన్నాయి. మొత్తం ఏడే పావులు.

మొదట తట్టేది ఏనుగుతో ఎ7 బంటును చంపి చెక్ చెప్పడం. శకటు ఆ ఏనుగును తినేస్తుంది, ఇక రెండో ఎత్తులో కట్టు లేదు. అనుభవమున్నవారు అక్కడ మొదలుపెట్టరు. ఇప్పుడు ఎత్తు నల్లపక్షానిదే అయితే ఏం జరుగుతుందని ముందు అడుగుతారు. రాజు చుట్టూ సొంత పావులే, కదల్లేడు. బి7 బంటుకు ఎదురుగా తెల్లబంటు అడ్డం. శకటు కదిలితే ఎ7కు కాపు పోతుంది. ఏనుగు ఆ బంటును చంపి చెక్ చెబితే బి6 బంటు ఏనుగును కాస్తుంది, బి8 గడిని తెల్లరాజు కాస్తాడు, ఆట కట్టు. ఇక మిగిలింది ఎ7 బంటు. అది పక్కకు తిరిగి బి6ను చంపలేదు, చంపితే ఎ వరుస తెరుచుకుని రాజు ఏనుగు దెబ్బకు దొరుకుతాడు. కానీ ముందుకు, ఎ6కో ఎ5కో నడవగలదు. నల్లపక్షానికున్న ప్రాణవాయువంతా ఆ ఒక్క నడకే.

ప్రశ్న ఇప్పుడు చిన్నదైపోయింది. ఆ బంటును ఆపాలి, కట్టుకు ఉన్న దారి చెడకూడదు. రెండు పనులూ చేసే ఎత్తు ఒక్కటే ఉంది: ఏనుగు ఎ6కు! పైకి చూస్తే అది బి7 బంటు నోట్లోకి ఏనుగును పెట్టడమే. కానీ ఆ బంటు ఏనుగును చంపితే బి7 ఖాళీ అవుతుంది, తెల్లబంటు అక్కడికి అడుగేసి ఆట కట్టిస్తుంది. చంపకుండా శకటు ఎటు కదిలినా ఏనుగు ఎ7ను చంపి పని ముగిస్తుంది. మూడో జవాబు లేదు. నల్లపక్షం ఏమీ ఆడకుండా ఉండగలిగితే ఆ వెంటనే కట్టు పడదు. కానీ చదరంగంలో ఎత్తు వేయక తప్పదు. కదలడమే ప్రాణాంతకమయ్యే ఈ స్థితిని ఆటగాళ్లు జుగ్‌జ్వాంగ్ అంటారు.

పెద్ద సమస్యలకూ ఈ పద్ధతే పనికొస్తుంది. నల్లరాజు పారిపోగల గడులేవి, ఏ పావు కదిలితే ఏ కాపు పోతుంది, బల్ల ఒక పక్కన ఒంటరిగా ఉన్న బంటు ఎందుకుంది అని వరసగా అడగాలి. కూర్చిన సమస్యలో పనిలేని పావు ఉండదు. దాని పని తెలిస్తే సగం జవాబు తెలిసినట్టే.

మన దేశంతో ముడిపడిన ఘనమైన సమస్య ఒకటుంది. ఇక్కడ నివసించిన ఇంగ్లీషు మతాచార్యుడు హెన్రీ లవ్‌డే ‘షాగిర్ద్’ అనే మారుపేరుతో ఢిల్లీ నుంచి పంపగా, హోవర్డ్ స్టాంటన్ సంపాదకత్వంలోని లండన్ చదరంగ పత్రిక 1845లో దాన్ని ప్రచురించింది. ‘ఇండియన్ ప్రాబ్లమ్’గా అది స్థిరపడింది. అందులో తెల్లశకటు ముందుగా దూరంగా వెనక్కి వెళుతుంది. తర్వాత ఏనుగు వచ్చి ఆ శకటు దారికే అడ్డం నిలబడుతుంది. సొంత పావు బలాన్ని ఇలా మూసేయడం వెర్రిగా కనిపిస్తుంది. అలా మూయకపోతే నల్లపక్షానికి కదలిక లేక ఆట సమానంగా ముగిసేది. మూయడంతో రాజుకు ఒక గడి దొరికి, అతను శకటు గీత మీదికి వస్తాడు. ఏనుగు పక్కకు తప్పుకుంటూనే, శకటుతో కలిసి ఒకేసారి రెండు చెక్‌లు చెప్పి ఆట ముగిస్తుంది. తర్వాతి తరం కూర్పరులు ఈ ఊహను ఎన్నెన్ని రకాలుగానో అల్లుకున్నారు.

అమెరికన్ కూర్పరి శామ్ లాయిడ్ అల్లిన ‘ఎక్సెల్సియర్’ అనే సమస్య 1861లో అచ్చయింది. ఆట కట్టించలేని పావేదో చూపించమని లాయిడ్ ఒక మిత్రుడిని అడిగితే, ఆయన కదలకుండా కూర్చున్న బి2 బంటును చూపించాడట. ఐదెత్తుల ప్రధాన మార్గంలో ఆ బంటే బి4, సి5, సి6, బి7 గడుల మీదుగా ఎ8 చేరి, మంత్రిగా మారి ఆట కట్టిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ రూపకర్తల్లో ఒకరైన హంగరీ ఇంజినీరు ఒట్టో బ్లాతీ అయితే రెండు వందల ఎత్తులు దాటిన సమస్యలు కూడా కూర్చాడు.

సమస్యలు విప్పడంలో 1977 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. రెండెత్తుల సమస్యలు మూడింటికి ఇచ్చే గడువు ఇరవై నిమిషాలు. మూడెత్తులవి, ఇంకా పొడవైనవి, ఆటాంత స్థితులు వేర్వేరు విడతలుగా ఉంటాయి. రెండు పక్షాలూ సహకరించుకుని ఆట కట్టించేవీ, తెల్లపక్షం తన రాజునే నల్లపక్షం చేత బలవంతంగా కట్టించుకునేవీ కూడా ఉంటాయి. గణితంలో డాక్టరేటు పొందిన ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ జాన్ నన్ 2004, 2007, 2010లలో విజేతగా నిలిచాడు. రెండెత్తుల సమస్యకు మొదటి ఎత్తు రాస్తే చాలు. మూడెత్తుల నుంచి మాత్రం నల్లపక్షం ఎదురాడే శాఖలూ, వాటికి తెల్లపక్షం బదులూ రాయాలి. రాయకుండా వదిలేసిన ప్రతి శాఖకూ మార్కులు తగ్గుతాయి.