సంఘముల కొనుగోళ్లు: క్రొత్త పద్ధతికి మనము సిద్ధపడవలసిన విధము

రైతు తన సొంతమునకు ఎద్దును కొనునపుడు పండ్లు చూచును, నడక చూచును, నలుగురిని విచారించి గాని బయానా ఇయ్యడు. సహకార సంఘము త్రాసునో, బీరువానో, టార్పాలిన్లనో కొనునపుడు ఆ రైతే ఎవరో చూచుకొందురులే యని యూరకుండును. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చుట ఇందువలననే. సంఘము వెచ్చించు ప్రతి రూపాయియు సభ్యుల వాటాధనమునుండియో, వారు చెల్లించిన వడ్డీనుండియో వచ్చినదే గదా! కావున కొనుగోళ్ల విషయమై ఇటీవల కలిగిన మార్పులను ప్రతి సభ్యుడును ఎరిగియుండుట యుక్తము.

పూర్వము కేంద్ర ప్రభుత్వ శాఖలకు కావలసిన సరకుల ధరలను కుదుర్చుటకు ప్రత్యేకముగ ఒక పెద్ద కార్యాలయము ఉండెడిది. 2016 ఆగష్టులో జెమ్ అని పిలువబడు ప్రభుత్వ ఎలక్ట్రానిక్ అంగడి వెలసెను. మరుసటి సంవత్సరము అక్టోబరు 31వ తేదీన ఆ పాత కార్యాలయము మూసివేయబడెను. టెండర్లను కంప్యూటరు ద్వారా పిలుచుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2003లోనే అట్టి పద్ధతిని ఆరంభించియుండెను.

మొదట జెమ్ అంగడిలో సరకు కొను అధికారము ప్రభుత్వ శాఖలకును, ప్రభుత్వ సంస్థలకును, స్థానిక సంస్థలకును మాత్రమే ఉండెను. 2022 జూన్ 1వ తేదీన కేంద్ర మంత్రివర్గము సహకార సంఘములు కూడ అచట కొనుగోలుదారులుగా చేరవచ్చునని అనుమతించెను. మొదటి విడతలో నూరు కోట్ల రూపాయల వ్యాపారముగాని డిపాజిట్లుగాని గల పెద్ద సంఘములను ఎంచుకొనిరి. అట్లయిన మన గ్రామ సంఘమునకు దీనితో పని యేమని కొందరు అడుగవచ్చును. అదే నెలలో 63,000 ప్రాథమిక వ్యవసాయ సంఘములకు కంప్యూటర్లు అమర్చు పథకము కూడ మంజూరయ్యెను. లెక్కలు కంప్యూటరులోనికి వచ్చిన పిమ్మట కొనుగోళ్లు ఎంతోకాలము వెలుపల నుండవు. అంతేగాక దిగువ చెప్పబోవు జాగ్రత్తలు జెమ్‌లో కొన్నను, పట్టణపు అంగడిలో కొన్నను సమానముగనే పనికివచ్చును.

మొదటి జాగ్రత్త: ఎవరి అనుమతితో ఎంతవరకు కొనవచ్చునో పాలకవర్గము తీర్మానము వ్రాసియుంచవలెను. కేంద్ర ప్రభుత్వ శాఖలకు 2017 సంవత్సరపు సాధారణ ఆర్థిక నియమావళి గలదు. అది ప్రకటింపబడిననాడు 25,000 రూపాయలలోపు కొనుగోలునకు కొటేషన్లు అక్కరలేదనియు, అంతకు మించి రెండున్నర లక్షలవరకు ముగ్గురు సభ్యుల ఉపసంఘము బజారు విచారించి కొనవచ్చుననియు నిర్ణయించిరి. ఇట్టి పరిమితులు అప్పుడప్పుడు మార్చబడుచుండును. ఆ నియమావళి శాఖలదేగాని సంఘములు తమ ఉపవిధులనే అనుసరింపవలెను. అయినను దాని పోలికను మనము గ్రహింపవచ్చును.

రెండవది: సంవత్సరారంభముననే కావలసిన వస్తువుల పట్టిక వేసికొనవలెను. ఒక్క అవసరమును చిన్న చిన్న ముక్కలుగా చేసి, పై అనుమతి తప్పించుకొనునట్లు కొనరాదని పై నియమావళి స్పష్టముగ చెప్పుచున్నది. ఇరువది టార్పాలిన్ల చొప్పున పదిమార్లు కొనిన సంఘమునకు టోకు ధర దొరకదు. పైగా ఆడిటరు ప్రశ్నకు జవాబును దొరకదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: వస్తువును సరిగా వర్ణించుట. కంప్యూటరు పోటీలో తక్కువ ధర చెప్పినవానికే సరకు ఇచ్చు అవకాశము దక్కును. "టార్పాలిన్లు 200" అని మాత్రము వ్రాసినచో అన్నిటికంటె పలుచనిదే వచ్చును. కళ్లమున ధాన్యపు రాశిపై కప్పిన మొదటి వానకే అది కారిపోవును. కాబట్టి పొడవు, వెడల్పు, చదరపు మీటరునకు ఎన్ని గ్రాముల బరువు, అంచుల కుట్టు, కన్నముల వరుస, ఏ భారత ప్రమాణమునకు సరిపోవలెనో అన్నియు ముందే వ్రాయవలెను. తూనిక యంత్రమునకైనచో ఎంత బరువువరకు తూచునో, ముద్రపడినదో లేదో, చెడిన బాగుచేయువాడు ఎచట నుండునో విచారింపవలెను. ఇవి వ్రాయుటకు సేద్యము తెలిసిన సభ్యుని పిలుచుట మేలు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల?

నాలుగవది: పని ఒక్కని చేతిలో నుండరాదు. జెమ్ పద్ధతిలో సంస్థ అధిపతి పేరు నమోదు చేసికొని ఇతరులను నియమించును. ఆర్డరు వేయువాడొకడు, సరకు అందుకొనువాడొకడు, పైకము చెల్లించువాడొకడు. సిబ్బంది తక్కువైన సంఘమున కార్యదర్శి ఆర్డరు వేసినను, సరకు చూచి సంతకము చేయు పనిని పాలకవర్గ సభ్యునకు అప్పగింపవలెను. రహస్య సంకేతపదమును ఒకరితో నొకరు పంచుకొనుట సంతకము చేసిన ఖాళీ చెక్కును ఇచ్చినట్లే.

ఐదవది: గడువులను మరువరాదు. సరకు చేరిన నలువది యెనిమిది గంటలలోపల తాత్కాలిక రసీదును, పిమ్మట పది దినములలో పరీక్షించి అంగీకార పత్రమును ఇయ్యవలెను. ఆ తరువాత పది దినములలో పైకము చెల్లింపవలెను. మూటలు విప్పక గోడౌనులో పడవేసి నెల దాటిన పిదప చినుగులు చూపిన ప్రయోజనములేదు. పైకము సిద్ధముగ లేనిదే ఆర్డరు వేయరాదు. ఆలస్యముగ చెల్లించు సంఘమునకు మంచి వర్తకుడు రెండవమారు సరకు పంపడు.

కంప్యూటరులో కనబడినంతమాత్రమున ధర న్యాయమైనదని యెంచరాదు. జెమ్‌లో కొన్నను ధర సమంజసమని కొనువాడే ధ్రువపరుపవలెనని నియమము. అచట చూపు ధరలో పన్నులును, సరకు చేర్చు ఖర్చును కలిసియుండును. గనుక పట్టణపు ధరకు కూడ బండికూలి, పన్ను కలిపి పోల్చవలెను.

తుదకు సభ్యులకు ఒక్క మాట. రాబోవు మహాజన సభలో ఈ ప్రశ్నలు మర్యాదగా అడుగుడు: ఈ యేడు ఏమేమి కొంటిరి? ఎందరి ధరలు చూచితిరి? సరకును ఎవరు పరీక్షించిరి? ఈ మూడింటికి కాగితము చూపి జవాబు చెప్పగల పాలకవర్గము ఏ క్రొత్త చట్టమునకును జంకదు. జవాబు లేనిచోట ఎంత గొప్ప యంత్రము వచ్చినను సంఘమునకు రక్షణ లేదు.