నొప్పి ఎన్నణాలు?

"ఇంక మా చేతుల్లో ఏమీ లేదండి. ఇంటికి తీసికెళ్ళిపొండి."

గోదావరికి ఇటు రాజమండ్రి వైపు గాని, అటు కొవ్వూరు, నిడదవోలు వైపు గాని ఈ మాట చెవిన పడని కుటుంబం అరుదు. అలా అన్న డాక్టరు అబద్ధం చెప్పలేదు. ఆ రోగం కుదిరేది కాదు, నిజమే. అయితే రోగం కుదరదన్నంత మాత్రాన చెయ్యటానికి ఏమీ లేదనటం సబబేనా? నొప్పి మాటేమిటి? ఆయాసం, వాంతులు, పుండు వాసన, తెల్లవార్లూ పట్టని నిద్ర - వీటి మాటేమిటి?

వీటికి మందులున్నాయి. మందులే కాదు, ఒక శాస్త్రమే వుంది. ఇంగ్లీషువారు పాలియేటివ్ కేర్ అంటారు, మనవారు ఉపశమన చికిత్స అంటున్నారు. రోగాన్ని కుదర్చలేకపోయినా బాధను కుదర్చటమన్నమాట. లండనులో సిసిలీ సాండర్సు అనే ఆవిడ మొదట నర్సు, తరవాత సంఘసేవిక, ఆ పైన పట్టుబట్టి డాక్టరీ చదివి, 1967లో ఇందుకోసమే సెయింట్ క్రిస్టఫర్స్ అనే ఆస్పత్రి పెట్టింది. మన దేశంలో అలాంటిది 1986లో బొంబాయిలో వెలిసింది.

మన ఇళ్ళల్లో చావు మాట ఎత్తటం అమంగళం. దేవుడి దగ్గర మాత్రం అనాయాస మరణం ప్రసాదించమని రోజూ అడుగుతాం. ఆ కోరిక తీర్చటంలో దేవుడితోబాటు సర్కారుకూ కొంత వాటా వుందని మనకు తట్టదు.

ఈ కథకు మూలం నల్లమందు. మన ముత్తవ్వలకు పరిచయమైన సరుకే. దానిలోంచి మార్ఫిన్ అనే సారాన్ని జర్మనీలో సెర్టూర్నర్ అనే మందుల కొట్టు కుర్రవాడు పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే విడదీశాడు. కాన్సరు నొప్పికి దానికి సాటివచ్చే మందు ఈనాటికీ కొద్దే. విచిత్రమేమిటంటే, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సు మీద గసగసాల పంట పండించి, ఘాజీపూరు, నీమచ్ కార్ఖానాలలో నల్లమందు శుద్ధిచేసి విదేశాలకు పంపే దేశం మనది. మన రోగికి మాత్రం అది దొరకదు! 1985లో మత్తుమందుల చట్టం వచ్చింది. దొంగ వ్యాపారాన్ని అరికట్టటానికి వచ్చిన చట్టమే, కాని పదేళ్ళకు తక్కువ కాని జైలు అనేసరికి మందుల షాపువాళ్ళు హడలిపోయారు. ఒక్క ఆస్పత్రి ఆ బిళ్ళలు వుంచుకోవాలంటే నాలుగైదు లైసెన్సులు, అవీ వేర్వేరు ఆఫీసుల నుంచి. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకదానికి గడువు తీరిపోయేది. దాంతో మార్ఫిన్ పేరే మరిచిపోయారు. ఒక తరం డాక్టర్లు దాన్ని కంటితో చూడకుండానే చదువు ముగించుకుని బయటికి వచ్చారు.

మా పెద్దమామయ్యది అమలాపురం దగ్గర పల్లె. లంక పొగాకు చుట్ట నోట్లో లేకుండా ఆయన్ని నేనెన్నడూ చూడలేదు. 2022లో నాలుకకు కాన్సరు వచ్చింది. అప్పటికే ముదిరిపోయింది. ఒక పెద్ద ఆస్పత్రివారు పైన చెప్పిన మాటే చెప్పి, జ్వరం బిళ్ళలు చేతిలో పెట్టి పంపారు. ఆరు వారాలు ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి, "కర్మండీ" అనేసి వెళ్ళిపోయేవారు. పుండు వాసనకు భయపడి అనేవారు కాదు, ఆ మూలుగు వినలేక.

వాళ్ళ వీధి చివరింటి అమ్మాయి డాక్టరు. నొప్పి వైద్యంలో శిక్షణ పొందింది. సెలవులకు వచ్చి చూసి, మార్ఫిన్ రాస్తానన్నది.

"నల్లమందా తల్లీ! మనిషి మత్తులో పడిపోడూ? అలవాటైపోదూ?" అన్నది మా అత్తయ్య.

"మత్తు కావాలని మింగేవాడి సంగతి వేరు పిన్నిగారూ. నొప్పికి సరిపడా లెక్కగా ఇస్తే బాబాయిగారు మెలకువగానే వుంటారు. నొప్పే నిద్రపోతుంది" అన్నదా అమ్మాయి.

ఆ లెక్క ఏమిటో కూడా చెప్పాలి. నొప్పి వచ్చాక వెయ్యటం కాదు, గడియారం చూసి నాలుగు గంటలకొకసారి ఇవ్వాలి. మింగలేడు గనక బిళ్ళ నలిపి నీళ్ళల్లో కలిపి పట్టారు. మార్ఫిన్‌తో మలబద్ధం తప్పదు గనక మొదటి రోజునుంచే దానికి వేరే మందు. పుండు మీద మెట్రోనిడజోల్ బిళ్ళల పొడి చల్లితే నాలుగు రోజుల్లో వాసన తగ్గింది. ఇందులో ఏ ఒక్కటీ ఖరీదైన వైద్యం కాదు. మార్ఫిన్ బిళ్ళ కొద్ది రూపాయలే. గుర్తింపు వున్న ఆస్పత్రి దూరం గనక మా బావ పదిహేను రోజులకొకసారి వెళ్ళి తెచ్చే బస్సు చార్జీలే మందు ఖరీదును మించిపోయేవి.

మూడో రాత్రి మామయ్య నిద్రపోయాడు. ఆ తరవాత ఇంకో నలభై రోజులు బతికాడు. మాట రాదు గనక మనవడి పలక తెప్పించుకున్నాడు. గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముణ్ణి పిలిపించి, పలక మీద రాశాడు: "ఈ దింపు డబ్బు సగం నీది." ఆయన పలక మీద చెయ్యి వేసి వుంచి చాలాసేపు కూర్చున్నాడు. జ్వరం బిళ్ళలతోనే వుండివుంటే ఆ నలభై రోజులూ ఏమయ్యేవో వేరే చెప్పనక్కరలేదు.

సర్కారువారు నిద్రపోతున్నారనటం న్యాయం కాదు. 2012లో ఉపశమన చికిత్సకు జాతీయ కార్యక్రమం రాశారు. 2014లో పార్లమెంటు ఆ పాత చట్టాన్ని సవరించింది. ఆ సవరణతో లైసెన్సుల తోరణం పోయి, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఇచ్చే గుర్తింపు ఒక్కటి చాలునన్నారు. శిక్షణ పొందిన డాక్టరు మాత్రం వుండాలి. 2018లో మొదలైన ఊరి ఆరోగ్య కేంద్రాలలో - ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలంటున్నారు - అందించవలసిన పన్నెండు రకాల సేవల్లో ఇదొకటి. ఆశా కార్యకర్తకూ, నర్సుకూ, డాక్టరుకూ వేర్వేరుగా శిక్షణ పుస్తకాలు వేశారు. 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. పాఠాల్లోనూ చేర్చారు. 1958లో పుట్టిన కాకినాడ రంగరాయ కళాశాలలోనైనా, 2023లో తెరిచిన రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలోనైనా పిల్లలు ఇది చదివి తీరాలి. కాగితం మీద లోటేమీ లేదు. కాగితానికీ మంచానికీ నడుమనే గోదావరి వున్నది. 2015లో ఎకనమిస్టువారు 80 దేశాలలో చివరి రోజుల సంరక్షణను తూచితే మనకు దక్కింది 67వ స్థానం.

కోనసీమను ఆంధ్రుల కేరళ అని మురిసిపోతాం. కొబ్బరిచెట్లున్నాయి, కాలవలున్నాయి, పడవలున్నాయి. కేరళవారికి వున్నదొకటి మనం తెచ్చుకోలేదు. 1993లో కోజికోడు వైద్యకళాశాలలో కొందరు డాక్టర్లు చిన్నగా మొదలుపెట్టిన పనిని ఊళ్ళో జనం భుజానికెత్తుకున్నారు. 2008లో అక్కడి ప్రభుత్వం దీన్ని విధానంగా ప్రకటించింది. పంచాయతీ తరఫున నర్సు మంచం దగ్గరకే వస్తుంది. బడిపంతుళ్ళు, గృహిణులు సెలవు రోజున రోగి ఇంటికి వెళ్ళి కూర్చుంటారు.

ఈ మధ్య డెల్టాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆశా కార్యకర్తల శిక్షణ జరుగుతుంటే అనుమతి తీసుకుని వెనక బల్ల మీద కూర్చున్నాను. ఇరవై మంది వుంటారు. నర్సమ్మ బోర్డు మీద సున్నా నుంచి పది దాకా అంకెలు వేసి, "నొప్పి ఎంత వుందో రోగినే అడగాలి. మనం ఊహించి రాయకూడదు" అన్నది.

ఒకామె లేచింది. "మా ఊళ్ళో ఒక మామ్మగారున్నారండి, ఎనభై అయిదు దాటాయి. పదికి ఎన్నమ్మా అంటే, 'నేను బడికెళ్ళలేదే' అన్నారు. నాకేం తోచక, రూపాయిలో ఎన్నణాల నొప్పి మామ్మా అని అడిగానండి. 'పద్దెనిమిదణాలే' అన్నారు."

గదంతా నవ్వింది. రూపాయికి పదహారణాలేనని తట్టగానే నవ్వు ఆగిపోయింది. నర్సమ్మ మాట్లాడకుండా పది అంకె పక్కన 18 అని రాసింది.

"రాసుకోవటం సరేనండి. మందు ఎక్కడ ఇస్తారు?" అన్నది ఆమె మళ్ళీ.

నర్సమ్మ ఆస్పత్రి పేరూ, ఓ.పి. రోజులూ, బస్సు మారవలసిన చోటూ బోర్డు మీద రాసింది. ఇరవై మందీ తలలు వంచి రాసుకుంటున్నారు.