తీగ లేని వాక్యూమ్ క్లీనర్ కొనేముందు బ్యాటరీ సంగతి అడగండి

గుంటూరు, పల్నాడు పల్లెల్లో మట్టి ఇళ్లు చాలావరకు పోయి టైల్సు, గ్రానైటు పరిచిన ఇళ్లు వచ్చాయి. దుమ్ము మాత్రం పోలేదు. మిరప కళ్లాల నుండి, పత్తి బోరేల నుండి, ట్రాక్టర్ల వెనుక నుండి లేచిన దుమ్ము మంచాల కింద చేరుతూనే వుంది. వంగి వూడ్వలేని తల్లిదండ్రుల కోసం హైదరాబాదులోనో, అమెరికాలోనో వున్న పిల్లలు తీగ లేని వాక్యూమ్ క్లీనర్లు కొనిపెడుతున్నారు. వీటి ధర పది వేల లోపు నుండి ముప్పై వేల పైదాకా వుంది. అంత సొమ్ము పోసి కొన్నది ఏడాది తిరక్కుండా అటక ఎక్కితే ఎవరికి లాభం?

అసలు కిటుకు బ్యాటరీలో వుంది. పెట్టె మీద 40 నిమిషాలు, 60 నిమిషాలు అని ముద్రిస్తారు. అది అతి తక్కువ వేగంలో నడిపినప్పటి లెక్క. పూర్తి వేగంలో పెడితే చాలా యంత్రాలు పది నిమిషాలకే చల్లబడతాయి. మళ్లీ చార్జింగుకు మూడు నుండి ఐదు గంటలు పడుతుంది. కావున పూర్తి వేగంలో ఎంతసేపు నడుస్తుందో దుకాణదారుని అడగాలి. గుప్పెడు గోధుమపిండి నేల మీద చల్లి నడిపించి చూపమనాలి. మొహమాటపడితే నష్టపోయేది కొనేవారే.

లిథియం బ్యాటరీ సాధారణంగా 300 నుండి 500 సార్లు పూర్తిగా చార్జి చేసేసరికి బలం తగ్గుతుంది. రోజూ వాడే ఇంట్లో రెండు మూడేళ్లకు మార్చవలసి రావచ్చు. మీట నొక్కితే వూడి వచ్చే బ్యాటరీ అయితే కొత్తది తెచ్చి ఇంట్లోనే బిగించుకోవచ్చు. లోపల మరలతో బిగించినదయితే యంత్రాన్ని సర్వీసు సెంటరుకు మోసుకుపోవలసిందే. ఆ సెంటరు గుంటూరులో వుందా, విజయవాడలో వుందా, అసలు ఈ చుట్టుపక్కల లేనే లేదా అన్నది, విడి బ్యాటరీ ధర ఎంత అన్నది కొనకముందే కనుక్కోవాలి. ఫోనులో చూసి తెప్పించుకునేవారు తరచు మరిచిపోయేది ఇదే.

వాట్ల అంకె చూసి మురిసిపోనక్కరలేదు. వాట్లు యంత్రం ఎంత కరెంటు తింటుందో చెబుతాయి గాని, ఎంత దుమ్ము లాగుతుందో చెప్పవు.

మిరప పండించే ఇళ్లలో ఫిల్టరు సంగతి మరీ ముఖ్యం. ముందునుండి లాగిన కారపు ధూళిని నాసి ఫిల్టరు వెనుకనుండి గదిలోకి వదులుతుంది. అప్పుడు ఇల్లంతా దగ్గే. అసలైన హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల నలుసులను సైతం నూటికి 99.97 వంతులు పట్టి వుంచుతుంది. 'హెపా తరహా' అని రాసి వున్నంత మాత్రాన అది హెపా కాదు. ఉబ్బసం వున్నవారి ఇంట్లో ఈ తేడా గమనించి తీరాలి. కడిగే వీలున్న ఫిల్టరును కడిగాక ఒక రోజంతా నీడన ఆరనివ్వాలి. తడిగా బిగిస్తే మోటారు చెడుతుంది. చెత్త డబ్బాను పెరట్లోనే, గాలివాటు చూసి దులపాలి.

పేడతో అలికిన నేలకు, ముగ్గుపిండికి, పొయ్యి బూడిదకు, తడి చెత్తకు ఈ యంత్రం పనికిరాదు. వాకిలికి కొబ్బరి ఈనెల చీపురే మేలు.

కొనేది కొడుకయినా వాడేది తల్లి. ఈ యంత్రాలు చాలావరకు రెండున్నర, మూడు కిలోల బరువు వుంటాయి. కొన్నింటిలో బరువంతా చేతి పిడి దగ్గరే వుంటుంది. అరవై దాటినామె మణికట్టుకు అది ఆగుతుందా? వీలయితే ఆమెనే దుకాణానికి తీసుకుపోయి, ఎత్తి, నాలుగడుగులు తోసి చూడమనాలి. మీటను వేలితో నొక్కిపట్టి వుంచవలసిన రకం కీళ్లనొప్పులవారికి కష్టం.

అమెరికా నుండి తెచ్చిన యంత్రమయితే చార్జరు మీది అంకెలు చదవనిదే ప్లగ్గులో పెట్టరాదు. '100-240' అని వుంటే ఇక్కడి 230 వోల్టులకు ఇబ్బంది లేదు. '120' అని మాత్రమే వుంటే చార్జరు కాలిపోతుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లడం కూడా అరుదు.

వేసవిలో ఎండ తగిలే వరండాలో చార్జింగు పెట్టరాదు. వేడికి బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది. బిల్లు, వారంటీ కార్డు భద్రపరచుకోవాలి. గడువులోపల చెడినా అమ్మినవారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు.